సప్లయర్ చెప్పిన పది మాటలు

నన్ను ఆ పరిశోధనలోకి పిలిచిందే నా అనుమానం చూసి. బెంగళూరులో ఒక పెద్ద ఆసుపత్రిలో ముప్పై ఒక్క ఏళ్లు జ్ఞాపకశక్తి పరీక్షలు చేసి, రిటైరై, ఇంట్లో కుక్కర్ విజిళ్లు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నదాన్ని. ఒకరోజు పెద్ద డాక్టరుగారు ఫోన్ చేశారు. ఆయన నాకంటే పదిహేనేళ్లు చిన్న. నా కళ్లముందే హౌస్ సర్జన్‌గా చేరి ప్రొఫెసర్ అయ్యారు.

"మేడమ్, కొత్త స్టడీ ఒకటి స్టార్ట్ చేస్తున్నాం. మీరు గోడ గడియారాన్ని కూడా చేతి వాచీతో సరిచూసుకునే టైపు కదా. మాకు అలాంటివాళ్లే కావాలి" అన్నారు.

పొగిడారో తిట్టారో తెలియలేదు. పొగడ్త కిందే జమకట్టుకుని వెళ్లాను.

ఈ రంగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలు చదువుతారనే ఇది రాస్తున్నాను కాబట్టి, విషయం కొంచెం చెప్పాలి. ఒక జాతి పుట్టగొడుగుల్లో ఉండే పదార్థాన్ని మందుగా తయారుచేసి, దిగులూ మతిమరుపూ రెండూ పట్టుకున్న పెద్దవయసు వాళ్లకి ఇచ్చి చూడటం మా పని. అది వేసుకుంటే ఐదారు గంటలు మనసు ఇక్కడ ఉండదు. లేనివి కనిపిస్తాయి, పాతవి పలకరిస్తాయి. అలా ఒకసారి తిరిగొచ్చిన మనసులో దిగులు పల్చబడుతుందని, ముసలి మెదడులో కూడా కొత్త దారులు పడతాయని ఆశ. మళ్లీ చెబుతున్నాను, ఆశ. రుజువు కోసమే మమ్మల్ని పెట్టుకున్నారు.

మొదటి రోజు నుంచీ నాకు నచ్చలేదు. నిషేధించిన మత్తుమందుల జాబితాలో ఉన్నదాన్ని డెబ్బై ఏళ్లవాళ్లకి ఇవ్వడమేమిటి? అనుమతి పత్రాలన్నీ అడిగి తెప్పించుకుని చదివాను. ముద్రలు సరిగ్గానే ఉన్నాయి. మందు బీరువాకి రెండు తాళాలు, రెండు తాళంచెవులు ఇద్దరి దగ్గర. అయినా ఆ బీరువా ముందు నుంచి నడిచినప్పుడల్లా ఓరగా చూసేదాన్ని. క్యాంటీన్లో పుట్టగొడుగుల బిర్యానీ చేసిన రోజు మా నర్సు వచ్చి, "భయపడకుండా తినండి మేడమ్, ఇది మన స్టాక్ కాదు" అంది. నేను నవ్వలేదు, తినలేదు కూడా.

వచ్చినవాళ్లలో సగం మందికి అసలు మందు, సగం మందికి ఉత్తుత్తి మాత్ర. రెండూ చూడటానికి ఒకటే. ఎవరికి ఏది పడిందో పరీక్ష చేసే నాకు తెలియకూడదు. మందు ఇచ్చే గది వైపు నేను వెళ్లకూడదు. మందు రోజు ఏం జరిగిందో వాళ్లు నాకు చెప్పకూడదు. మూడు నెలలకి రెండో విడత. మొదటి మందుకి ముందు ఒకసారి, ఈలోగా రెండుసార్లు నా దగ్గర పరీక్ష.

పరీక్ష చాలా చిన్నది. పది మాటలు చదువుతాను, వెంటనే తిరిగి చెప్పాలి. ఇరవై నిమిషాల తర్వాత మళ్లీ చెప్పాలి. కానీ చదవడానికి నిబంధనలున్నాయి. మాటకీ మాటకీ మధ్య ఒక్క సెకను. గొంతులో ఎత్తుపల్లాలు ఉండకూడదు, ముఖంలో ఏ భావమూ ఉండకూడదు. నేను చదువుతుంటే విని మా నర్సు, "రైల్వే స్టేషన్ అనౌన్స్‌మెంట్లో కూడా ఇంతకన్నా ప్రేమ ఉంటుంది మేడమ్" అనేది. అది మాత్రం నిజంగానే పొగడ్త అనుకున్నాను.

నేను చెప్పబోయే ముసలాయన వచ్చింది ఎండలు ముదురుతున్న రోజుల్లో. డెబ్బై ఒకటో ఏడు. సొంత ఊరు హిందూపురం పక్కన, పదహారో ఏట బెంగళూరు వచ్చి ఇక్కడే ఉండిపోయినవాడు. పెళ్లి చేసుకోలేదు. కె.ఆర్.పురంలో చెల్లెలి ఇంట్లో ఉంటున్నాడు. వెంట చెల్లెలి కూతురు వచ్చింది. ఆ అమ్మాయి హెబ్బగోడిలో గార్మెంట్స్‌లో పనిచేస్తుంది, అక్కడే రూము. మామని ఆసుపత్రికి తీసుకురావాలంటే లీవు పెట్టి, నగరం ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లి, ఆయన్ని వెంటబెట్టుకుని మళ్లీ మా దగ్గరికి రావాలి.

ఆయన నలభై ఏళ్లు ఒకే హోటల్లో సప్లయర్. బెంగళూరు హోటళ్లలో వడ్డించేవాళ్లని అలాగే అంటారు. కాగితం మీద రాసుకోకుండా ఆర్డర్లు విని, వంటింటి కిటికీ దగ్గర అప్పజెప్పి, తెచ్చి పెట్టడం ఆయన పని. తర్వాత ఆ హోటల్ మారింది. ఆర్డరు ఫోన్లోంచి పోతుంది, తెరమీద నంబరు పడుతుంది, ఎవరి ప్లేటు వాళ్లే తెచ్చుకుంటారు. ఆయన్ని బల్లలు తుడవమన్నారు. ఆర్నెల్లు తుడిచి మానేశాడు. అప్పటి నుంచి మాట తగ్గింది, తిండి తగ్గింది, మతిమరుపు మొదలైంది. ఇదంతా ఆయన ఫైల్లో ఉంది. ఒకసారి చదివి పేజీ తిప్పేశాను. నా పని పది మాటలతో కదా.

మొదటి పరీక్షలో మూడు మాటలు చెప్పాడు. తల వంచుకుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, నేలతో మాట్లాడినట్టు చెప్పాడు. ఇరవై నిమిషాల తర్వాత ఒక్కటే.

"ఏమీ మతికి లేదమ్మా" అన్నాడు. ఆ వైపువాళ్లకి మతి అంటే జ్ఞాపకం. బుద్ధి కాదు.

"పర్వాలేదయ్యా" అన్నాను, నిబంధనల ప్రకారం భావం లేకుండా.

తర్వాత ఆయనకి మందు ఇచ్చారు. ఏ మాత్రో నాకు తెలియదు. వారం గడిచాక రెండో పరీక్షకి వచ్చాడు. ఆరోజు మా పై అంతస్తులో కొత్త వార్డు కోసం గోడలు పగలగొడుతున్నారు. డ్రిల్లింగ్ మోతకి బల్లమీద పెన్ను దానంతట అదే దొర్లుతోంది. ఇలాంటప్పుడు పరీక్ష వాయిదా వెయ్యాలని నిబంధన. కానీ ఆ అమ్మాయి మళ్లీ లీవు అడగాలి. సూపర్‌వైజర్ మొన్ననే కసిరాడని అంతకుముందే చెప్పింది. పోనీలే అనుకుని గొంతు పెంచాను.

"నిమ్మకాయ!" అని అరిచాను. "గొడుగు! తాళం! ఉప్పు!"

పదీ అరిచాను. నాలుగో మాటకే ఆయన వెన్ను నిటారుగా అయింది. ఎడమ మోచెయ్యి మడిచి పొట్టకి ఆనించుకున్నాడు. కుడిచేతి బొటనవేలు వేళ్ల గణుపుల మీద నడవడం మొదలుపెట్టింది. నేను ఆపగానే పది మాటలూ అదే వరసలో ఒక్క ఊపిరిలో అప్పజెప్పి, నా కళ్లలోకి చూసి, "ఇంకేమైనా?" అన్నాడు.

ఇరవై నిమిషాల తర్వాత మళ్లీ పది. మళ్లీ "ఇంకేమైనా?"

వెటకారం అనుకున్నాను.

మూడు నుంచి పదికి ఎగబాకినవాణ్ణి నా ఉద్యోగంలో చూడలేదు. పెద్ద డాక్టరుగారికి చెబితే ఆయన కుర్చీలోంచి లేచారు. "మిరకిల్ మేడమ్" అన్నారు. నాలుగు రోజుల్లో ఏదో మీటింగులో కూడా చెప్పేశారు, పేరు లేకుండా, "మా పేషెంట్ ఒకాయన" అని. ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టెయ్యమన్నట్టు ఉంది ఈయన వ్యవహారం అనుకున్నాను. అనుమానం పెనుభూతం అంటారు. దానికి నా ఇంట్లో ఎప్పుడూ ఒక గది ఖాళీగానే ఉంటుంది, ఆ వారం దిగిపోయింది.

తెలుగులో మాకున్నవి రెండే జాబితాలు. వంతులవారీగా వాడతాం. బయట హాల్లో కూర్చున్న కుటుంబాలు గంటల తరబడి కబుర్లాడుకుంటాయి. ముందు పరీక్ష అయినవాళ్ల దగ్గర మాటలు రాబట్టడం ఎంతసేపు? పైగా ఆ అమ్మాయి చేతిలో ఎప్పుడూ ఒక చిన్న నోటుబుక్కు. నేను తలుపు తెరిస్తే చటుక్కున మూసేది. ఆయన వేళ్ల మీద లెక్కపెట్టడం చూస్తే, బట్టీ పట్టించినట్టే ఉంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఒకసారి నేను ఊరికే ఆ నోటుబుక్కు వైపు చూస్తే ఆ అమ్మాయి దాన్ని చున్నీ కింద పెట్టుకుంది. నాకింకేం కావాలి?

మూడో పరీక్షకి వల పన్నాను. ఇంట్లో కూర్చుని సొంతంగా పది మాటలు రాసుకున్నాను. తమలపాకు, గొలుసు, నెమలి, సుత్తి, మజ్జిగ, ఇలా. మా ఆయనకి కూడా చూపించలేదు. అనుమతి లేని జాబితా వాడటం ఎంత పెద్ద తప్పో నాకు తెలుసు. కొత్తగా చేరినవాళ్లకి ఆ పాఠం చెప్పేదాన్నే నేను. కానీ దొంగని పట్టుకోవడానికి పోలీసు గోడ దూకితే తప్పా అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఆరోజు పైన పని అయిపోయింది. గది ప్రశాంతంగా ఉంది. నేను రైల్వే అనౌన్స్‌మెంట్ గొంతుతో, సెకనుకొక మాట చొప్పున చదివాను. ఆయన తల వంచుకుని విన్నాడు. మూడు మాటలు చెప్పాడు. అందులో ఒకటి తప్పు.

"మతికి రాలేదమ్మా. మన్నించు" అన్నాడు.

నాకు సంతోషం వేసింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ వేసింది. ఒక ముసలాయన మతిమరుపు చూసి, లోపల చప్పట్లు కొట్టుకున్నాను. ఆయన వెళ్లగానే ఫైల్లో జాబితా నంబరు రాయాల్సిన గడి ఖాళీగా వదిలేసి, పక్క గడిలో ఇంగ్లీషులో రాశాను. తెలుగులో చెప్పాలంటే, "రెండో పరీక్షకి ముందే ఎవరో మాటలు నేర్పించి పంపారని అనుమానం." కింద సంతకం, తేదీ.

పెద్ద డాక్టరుగారు ఆ గడి రెండుసార్లు చదివారు. మీటింగులో చెప్పిన మాట గొంతులో అడ్డం పడి ఉంటుంది.

"ష్యూరా మేడమ్?"

"ఈసారి ఆయనకి తెలిసే వీల్లేని మాటలు చదివాను. మూడే వచ్చాయి" అన్నాను. ఆ మాటలు నావని చెప్పలేదు. ఆయన అడగలేదు.

"అయితే తీసేద్దాం. ఆయన్ని కంటిన్యూ చేస్తే రేపు మానిటర్ వచ్చి మొత్తం స్టడీనే క్వశ్చన్ చేస్తాడు. సెకండ్ డోస్ క్యాన్సిల్."

మానిటర్ అంటే మా కాగితాలు తనిఖీ చెయ్యడానికి వచ్చే మనిషి. మా అందరికంటే అనుమానపు మనిషి, అందుకు జీతం కూడా మాకంటే ఎక్కువ.

ఆయన్ని సంతకానికి పిలిపించారు. నేనూ ఆ గదిలో ఉన్నాను. డాక్టరుగారు మర్యాదగానే చెప్పారు. ఆయన సంతకం ఎక్కడ పెట్టాలో అడిగి పెట్టాడు. కానీ ఆ అమ్మాయి ఊరుకోలేదు.

"ఆ మాటలేందో నాకే తెల్దు సార్, నేనెట్ల నేర్పిస్తాను? మా మామ నలభై ఏండ్లల్లో ఒక్క ఆర్డరు తప్పలే. అట్లా మనిషిని దొంగ అంటారా?"

"దొంగ అని ఎవరూ అనలేదమ్మా" అన్నాను.

"అనలేదా మేడమ్? అయితే ఎందుకు ఎల్లగొడతా ఉండారు?" నా వైపు తిరిగింది. "ఆ మందు వేసుకున్నంక మామ రవంత నవ్వతా ఉండాడు. ఇంట్లో నాలుగు మాటలు మాట్లాడతా ఉండాడు. రెండో మందుకి క్యాలెండర్లో దినాలు కొట్టుకుంటా ఉండాడు. రోజూ ఎంత తిన్నాడు, ఎంతసేపు పండుకున్నాడు, మీ నర్సు చెప్పిందని అంతా రాసి పెట్టినా. చూడండి!"

నోటుబుక్కు బల్లమీద పడేసింది. నిజంగానే, ఇడ్లీలూ నిద్రగంటలూ. రాత బాగుండదని సిగ్గుపడి దాచేదట.

"గమ్మున ఉండు పాపా" అన్నాడు ఆయన. "వాళ్లు సదువుకున్నోళ్లు."

అప్పటికీ నాకు అనుమానం పోలేదు. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి. వాళ్లు బయటికి వెళ్తే, ఇప్పుడు ఏం మాట్లాడుకుంటారో విందామని వెనకే వెళ్లాను. అరవై నాలుగేళ్ల మనిషిని, చేతిలో ఖాళీ ఫైలు పట్టుకుని.

వాళ్లు క్యాంటీన్‌లోకి వెళ్లారు. మధ్యాహ్నం ఒంటిగంట, పెళ్లి పందిరిలా ఉంది. రోగుల బంధువులు, నర్సులు, స్టీలు ప్లేట్ల చప్పుడు, మిక్సీ. కౌంటరు దగ్గర తోపులాట. నేను స్తంభం పక్కన నిలబడ్డాను. ఆ అమ్మాయి ఏడుస్తూ ఒక బల్ల దగ్గర కూర్చుంది. ఆ బల్ల దగ్గరే అత్తిబెలె వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబం, నలుగురు, ఎవరు లేచి వెళ్లాలో తేలక మొహాలు చూసుకుంటున్నారు. ఆయన లేచి, "ఏం కావాల?" అన్నాడు.

ఆ గోలలో వాళ్లు కూడా అరిచే చెప్పారు. ఒకరికి రైస్ బాత్, చట్నీ వద్దు. ఒకరికి రెండు ఇడ్లీ ఒక వడ, సాంబారు విడిగా. ముసలమ్మకి మెత్తగా పెరుగన్నం. ఒకరికి ఖాలి దోసె, అంటే లోపల కూర లేనిది. మేనకోడలు ముక్కు తుడుచుకుంటూ "నాకేం వద్దు" అంది. "దానికి నిమ్మకాయ చిత్రాన్నం, నాకూ పాపకూ ఒక కాఫీ బై టూ" అని తనకు తానే చెప్పుకుని కౌంటరు వైపు నడిచాడు. ఎడమ మోచెయ్యి మడిచి ఉంది. బొటనవేలు గణుపుల మీద నడుస్తోంది.

రెండుసార్లు తిరిగి అన్నీ తెచ్చిపెట్టాడు. చట్నీ లేదు. సాంబారు విడిగా ఉంది. ఎవరి ముందు ఏది పెట్టాలో ఒక్కసారి కూడా తడుముకోలేదు. పెట్టడం అయ్యాక వాళ్లందరినీ ఒకసారి చూసి, "ఇంకేమైనా?" అన్నాడు.

స్తంభం వదిలి రెండడుగులు ముందుకు వచ్చి, ఇంత గొంతుతో అరిచాను. "తమలపాకు! గొలుసు! నెమలి! సుత్తి! మజ్జిగ!" పదీ అరిచాను. ఇడ్లీ తినే మనిషి తినడం ఆపేశాడు. మా నర్సు మూల నుంచి నన్ను చూసి, నేను ఆ బీరువా తాళం తీశానేమో అనుకుందట, తర్వాత చెప్పింది.

ఆయన తిరిగాడు. నన్ను గుర్తుపట్టాడో లేదో. తమలపాకు దగ్గర నుంచి వరసగా పదీ అప్పజెప్పాడు. ఒకటి కూడా తప్పలేదు. వారం కిందట మూడు కూడా సరిగ్గా చెప్పలేని మాటలవి.

"మెల్లగా చెప్తే మామకి ఎక్కదు మేడమ్" అంది ఆ అమ్మాయి, నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తూ. "ఇంట్లో మా అమ్మ కూడా అరిసే చెప్తాది. అందరూ చెవుడు అంటారు. చెవుడు కాదు."

"మీకు ఎందుకలా?" అని ఆయన్నే అడిగాను.

"మెల్లగా సదివితే ఎవురో కాగితం సదువుతా ఉండారు అనిపిస్తాదమ్మా. గలాటాలో అరిస్తే, ఎవురో ఆకలితో ఉండారు అనిపిస్తాది. అప్పుడు మరిస్తే తప్పు గదా."

ఇప్పుడు మీకు అర్థమైంది కదా. మందూ కాదు, మోసమూ కాదు. మొదటిసారి కాగితంలా చదివాను, మూడు వచ్చాయి. రెండోసారి ఆకలిగొన్నదానిలా అరిచాను, పది వచ్చాయి. మూడోసారి మళ్లీ కాగితం. ఆ గదిలో మారుతూ వచ్చింది నేను ఒక్కదాన్నే. డాక్టరుని, నర్సుని, అమ్మాయిని, పుట్టగొడుగుని, అందరినీ అనుమానించినదాన్ని, బల్లకి ఇవతల కూర్చున్న మనిషి జోలికి మాత్రం పోలేదు.

ఇదంతా వెంటనే వెళ్లి చెప్పేశానని మీరు అనుకుంటే నన్ను గౌరవించినట్టే. రెండు రోజులు చెప్పలేదు. భయం. ముప్పై ఒక్క ఏళ్లలో నా మీద ఒక్క మెమో లేదు. మూడో రోజు డాక్టరుగారి గదిలోకి వెళ్లి అన్నీ చెప్పాను. అరవడం, సొంత మాటలు, ఖాళీ గడి.

ఆయన తలుపు వేసి వచ్చారు. "మీరు చెప్పకపోతే ఎవరికీ తెలియదు కదా మేడమ్. ఆయన ఆల్రెడీ సైన్ చేసి వెళ్లిపోయారు. ఇప్పుడు రాస్తే మీ మీదకే వస్తుంది, స్టడీ మీదకి వస్తుంది. వదిలేయండి."

చెడ్డవాడు కాదు ఆయన. భయపడ్డారు, నాలాగే. నాకు చాలా కోపం వచ్చింది, సగం ఆయన మీద, సగం రెండు రోజులపాటు ఇదే మాట నాకు నేను చెప్పుకున్నందుకు. రాసి ఇచ్చాను.

ఎథిక్స్ కమిటీ ముందు నిలబెట్టారు. ఒక లాయరమ్మగారు కళ్లద్దాల మీదుగా చూసి, "సొంతంగా మాటలు తయారుచేసేటప్పుడు ఎవరితోనైనా చెప్పారా?" అని అడిగారు. "లేదండీ, ఎవరినీ నమ్మలేదు" అన్నాను. ఆమె అది యథాతథంగా రాసుకున్నారు. చివరికి తేల్చింది ఇది. ఆయన తప్పేమీ లేదు. తప్పు పరీక్ష చేసిన మనిషిది. కానీ ఆయన మూడు పరీక్షల్లో రెండు చెల్లవు. కొలత లేని మనిషికి రెండో విడత మందు ఇవ్వడం కుదరదు, ఎందుకంటే ప్రమాదం ఆయనకి ఉంటుంది, ప్రయోజనం పరిశోధనకి ఉండదు. ఆ తీర్పు కాగితం మూడో కాలమ్‌లో నా పేరు, దాని ఎదురుగా "తొలగింపు".

న్యాయమే. వాళ్ల స్థానంలో ఉంటే నేనూ అదే రాసేదాన్ని. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం నాకేమీ కొత్త కాదు గానీ, ఈసారి కాలింది ఇంకొకరి చేతులు.

ఉత్తరం పంపిస్తాం అన్నారు ఆఫీసువాళ్లు. ఆ ఉత్తరం ఇంగ్లీషులో ఉంటుందని తెలుసు. నేనే వెళ్లాను.

కె.ఆర్.పురం స్టేషన్ వెనక సందులో మేడమీద రెండు గదులు. చెల్లెలు పనికి వెళ్లింది. ఆయన ఒక్కడే ఉన్నాడు. నన్ను చూసి కుర్చీ తుడిచి వేశాడు, ఆ తుడవడంలో మాత్రం ఆయన చెయ్యి వేగంగా కదిలింది.

"కాఫీనా, టీనా?"

"కాఫీ అన్నా, చక్కెర లేకుండా" అన్నాను. టీ వచ్చింది, తియ్యగా. మెల్లగా చెప్పింది నేనే కదా, తాగేశాను.

అంతా చెప్పాను. తప్పు నాది అని మూడుసార్లు చెప్పాను. ఆయన తల ఊపుతూ విన్నాడు.

"హోటల్లో ఇది రోజూ ఉండేదేనమ్మా. గిరాకీ ఇడ్లీ చెప్పి వడ అడగలేదా అంటాడు. తిట్లు సప్లయర్‌కే."

"రెండో మందు ఇవ్వరన్నా" అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు. ఆయనకి మాత్రం వినిపించింది.

ఇక నియమం లేదు కదా అన్నట్టు, మందు రోజు సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. నేను ఆపలేదు. "ఆ దినం కండ్లకు గంతలు కట్టి పండుకోబెట్టిరి. ఏందో పాట పెట్టిరి. నా చెయ్యి నిండా ప్లేట్లు ఉండాయమ్మా." ఎడమ చెయ్యి చాపి భుజం దాకా చూపించాడు. "ఈడ నుంచి ఈడ దాకా నాలుగు. శానా బరువు. ఎన్నేండ్ల నుంచి మోస్తా ఉండానో. ఎవురో వచ్చి రెండు దించుకొనె. మొకం సూడలే. సుఖంగా ఉండె. ఇంకా రెండు ఉండాయి. ఈసారి అవీ దిగుతాయి అనుకొంటి."

అది మందో, ఉత్తుత్తి మాత్ర వేసుకుని కన్న కలో నాకు ఈరోజుకీ తెలియదు. ఆ పరిశోధన ఇంకా నడుస్తోంది, ఎవరికి ఏది పడిందో ఇంకా విప్పలేదు. నేను అడగను కూడా. నాకు ఏడుపు వచ్చింది. ఆయన ముందే ఏడ్చాను.

"పోనీలేమ్మా" అన్నాడు. "మందు పోతే పోయె. ఒక్కటి చెప్పు. నేను ముందే నేర్చుకోని వస్తినని రాసినావంట గదా. మా పాప చెప్పె. అది తుడిసేసినావా?"

అందుకు ఏం చెప్పాలో నాకు తెలుసు. పరిశోధన కాగితాల్లో ఏదీ తుడపకూడదు, చింపకూడదు, తెల్ల రంగు పూయకూడదు. తప్పు రాస్తే దాని మీద ఒకే ఒక్క గీత కొట్టాలి. పాత మాట ఆ గీత కింద స్పష్టంగా కనిపించాలి. పక్కన సరైనది రాసి సంతకం చెయ్యాలి. మోసాన్ని ఆపడానికే ఆ నియమం. నా ఉద్యోగమంతా నేను మెచ్చుకున్న నియమం.

"గీత కొట్టాను అన్నా. పక్కన మీ తప్పు లేదని రాశాను. సంతకం పెట్టాను."

"ఆ గీత కింద సదవడానికి వస్తాదా?"

"వస్తుంది."

ఆయన ఖాళీ గ్లాసు తీసుకుని లేచాడు. "అయితే సదివేవాళ్లు ముందు అదే సదువుతారు గదమ్మా" అన్నాడు.

అవునన్నాను.